అయిదింట మూడు పాళ్లు

అమెరికా సంయుక్త రాష్ట్రముల రాజ్యాంగ పత్రముపై 1787 వ సంవత్సరము సెప్టెంబరు 17 వ తేదీని ఫిలడెల్ఫియా నగరమున 39 మంది ప్రతినిధులు చేవ్రాళ్లు చేసిరి. అందు వాషింగ్టను, ఫ్రాంక్లిను, హామిల్టను, మాడిసను పేర్లు మన పఠనమందిరములకు వచ్చు బాలురు సైతము గుర్తింపగలరు. మసాచుసెట్సు ప్రతినిధుల వరుసలోనున్న రూఫస్ కింగు పేరుకడ ఆగి చూచువారు అరుదు. ఆయన దేశాధ్యక్షుడు కాలేదు. యుద్ధములు గెలిచి పేరు గాంచలేదు. న్యాయవాదిగా జీవిత మారంభించి, అడపాదడపా నలువది యేండ్లు శాసనసభలలో మెలగి, లండను నగరమున రెండు పర్యాయములు రాయబారిగా నుండి, ప్రజలయెదుట నిలిచిన పెద్ద యెన్నికలన్నిటను ఓడిపోయి, 1827 లో కన్ను మూసెను. అయినను ఈ వారము మేము ఆయన చరిత్రనే యెత్తుకొనుచున్నాము. తాము సంతకము చేసిన యొడంబడికలోని పాపమును, వార్ధకమున సభామధ్యమున నిలిచి, శత్రువులు పండ్లు కొరుకుచుండగా వెల్లడించినవారు ఆ 39 మందిలో మిక్కిలి తక్కువ. ఈయన యట్టివాడు. నిర్దోషి మాత్రము కాడు. ఆ దోషమును గూడ దాచక చెప్పెదము.

కింగు 1755 మార్చి 24 వ తేదీని స్కార్బరో గ్రామమున జన్మించెను. ఆ ప్రాంతము నాడు మసాచుసెట్సులో భాగము. తరువాత మెయిను రాష్ట్రమైనది. తండ్రి రిచర్డు కింగు కలపవ్యాపారమువలనను, భూములవలనను ధనికుడైనవాడు. ఊరిలో చాలమంది ఆయనకు బాకీపడియుండిరి. ఇంగ్లండు విధించిన స్టాంపు పన్నునకు ప్రతికూలముగ వలసలన్నియు అట్టుడికినట్లు ఉడుకుచుండిన దినములవి. పేరు కింగు, పక్షమును రాజపక్షమే యని యూరివారి యనుమానము. 1766 మార్చిలో ఒక రాత్రి గుంపొకటి ఆ యింటిపై బడి, తలుపులు బ్రద్దలుకొట్టి, సామానులు పగులగొట్టి, పెట్టెలలోని దస్తావేజులను, అప్పుపత్రములను తగులబెట్టెను. లోపల భార్యాబిడ్డలు వణకుచుండిరి. రూఫసునకు నాడు పదకొండవ యేడు. ఈ వ్యవహారము న్యాయస్థానమున యేండ్లతరబడి నడచెను. రిచర్డు పక్షమున వకాల్తా పుచ్చుకొన్నవాడు మరెవ్వరో కాదు, ముందుముందు అమెరికా రెండవ అధ్యక్షుడైన జాన్ ఆడమ్సు. స్వాతంత్ర్య పక్షమువాడై యుండియు ఆడమ్సు ఆ గుంపు చేసిన పనికి నొచ్చుకొని 1774 లో తన భార్యకు జాబు వ్రాసెను. స్వాతంత్ర్యమను పేరు పలికినంతమాత్రమున అప్పుపత్రములు కాల్చుట దేశభక్తి కాజాలదని మేమును తలంచుచున్నాము.

ఇట్టి యింట పెరిగిన కుఱ్ఱడు రాజపక్షమున చేరియున్నచో ఎవ్వరును ఆశ్చర్యపడియుండరు. తండ్రి 1775 లో మరణించెను. కుమారుడు హార్వర్డు కళాశాలలో చదివి 1777 లో పట్టము పొంది, మరుసటి యేడు రోడు ఐలండు దండయాత్రలో సేనాని గ్లోవరుకడ పరివారాధికారిగా కొలది కాలము పనిచేసెను. అది బ్రిటిషు సేనకు ఎదురుగ నడచిన సేన. ఇల్లు దోచినవారు ఏ పక్షపు పేరు చెప్పుకొనిరో ఆ పక్షముననే ఈయన నిలిచెను. వ్యక్తులు చేసిన యన్యాయమును దేశకార్యముపై మోపకుండుట సామాన్యులకు సాధ్యమగు పనికాదు. పిమ్మట న్యూబరీపోర్టులో థియోఫిలస్ పార్సన్సు అను ప్రసిద్ధ న్యాయకోవిదునికడ శిష్యరికము చేసి, 1780 లో న్యాయవాదియై, 1783 లో మసాచుసెట్సు శాసనసభలో ప్రవేశించి, 1784 లో సమాఖ్య కాంగ్రెసునకు ప్రతినిధియై వెడలెను.

అచట ఆయన చేసిన మొదటి ముఖ్యకార్యము మన కథకు మూలకందము. ఒహయో నదికి వాయవ్యమున నున్న విశాలభూములలో బానిసత్వము కూడదని 1785 మార్చిలో తీర్మానము ప్రతిపాదించెను. అది విచారణ సంఘమునకు పోయి, అచటనే నిలిచిపోయెను. రెండేండ్ల పిమ్మట, 1787 జూలైలో, ఆ భూములకై కాంగ్రెసు శాసనము చేసినప్పుడు మసాచుసెట్సు ప్రతినిధియే యైన నేథన్ డేను ఆ నిషేధమును అందు చేర్చెను. కింగు అప్పటికి ఫిలడెల్ఫియాలో రాజ్యాంగ పరిషత్తున నుండెను.

ఆ పరిషత్తును గూర్చి ఆయనకు మొదట సుముఖత లేదు. ఉన్న కాంగ్రెసే సవరణలు చేసికొనవచ్చునని ఆయన యభిప్రాయము. 1786 లో మసాచుసెట్సు పడమటి సీమలయందు అప్పులలో మునిగిన రైతులు డేనియల్ షేసు నాయకత్వమున ఆయుధములు పట్టి న్యాయస్థానములను మూయించినప్పుడు ఆయన మనస్సు మారెను. అప్పు, గుంపు, కాలిన పత్రము, ఈ మూడును ఆయనకు చిన్ననాటి జ్ఞాపకములే గదా. పరిషత్తులో 1787 ఆగస్టు 28 వ తేదీని ఆయన లేచి, వ్యక్తులు చేసికొన్న యొడంబడికలలో రాష్ట్రములు జోక్యము కలిగించుకొనరాదను నిషేధమును ప్రతిపాదించెను. అప్పటికి తిరస్కరింపబడినను, ఆ భావము మాటలు మారి రాజ్యాంగమున మొదటి యధికరణము పదవ విభాగములో చోటు సంపాదించెను. పదకొండేండ్ల బాలుడు చూచిన మంట ముప్పదిరెండేండ్ల శాసనకర్త నోట ఈ రూపమున వెలువడెనని మేము ఊహించిన పాఠకులు తప్పు పట్టరని నమ్ముచున్నాము. అప్పులిచ్చినవారి పక్షపాతి యని ఆయనను నిందించువారు లేకపోలేదు. ఆ నింద పూర్తిగ నిరాధారము కాదు. కాని మాట యిచ్చిన పిమ్మట మాట నిలువవలెనను విశ్వాసము ఆయనకు వృత్తిధర్మము మాత్రమే గాక ప్రకృతిగా పరిణమించెను.

ఇట్టి యొడంబడికల మనిషి ఆ పరిషత్తులోనే మరియొక యొడంబడికను మ్రింగవలసివచ్చెను. ప్రతినిధి సభలో ఏ రాష్ట్రమునకు ఎన్ని స్థానములనగా జనసంఖ్యనుబట్టి యని తేల్చిరి. జనమనగా నెవరు? దక్షిణాదివారు తమ బానిసలను గూడ లెక్కింపుమనిరి. వారికి వోటు లేదు, ఆస్తి లేదు, తమ దేహముపై తమకే హక్కు లేదు. యజమానుని బలము పెంచుటకు మాత్రము వారు మనుష్యులు. తుదకు అయిదుగురు బానిసలను ముగ్గురుగ నెంచుటకు ఒప్పుకొనిరి. ఇది చాలక 1808 వరకు బానిసల దిగుమతిని కాంగ్రెసు నిషేధింపరాదనిరి; పారిపోయిన బానిసను యజమానునకు మరల నప్పగింపవలెననిరి. ఆగస్టు 8 వ తేదీని కింగు లేచి ఈ లెక్క తన మనస్సునకు ములుకువలె నున్నదనియు, దిగుమతికి హద్దు లేనప్పుడు బానిసలకు ప్రాతినిధ్య మిచ్చుటకు తాను సమ్మతింపజాలననియు పలికెను. పలికి, తుదకు సమ్మతించెను. రాజ్యాంగమునకు తుది భాష కూర్చిన అయిదుగురు సభ్యుల సంఘమున, హామిల్టను, మాడిసను మున్నగువారితోబాటు తానును కూర్చుండెను. సెప్టెంబరు 17 న సంతకము చేసెను.

హరిశ్చంద్రుడు ఆడినమాట నిలుపుకొనుటకు తన ఆలిని, బిడ్డను, తుదకు తన్నును అమ్ముకొనెనని మనము తరతరములుగ చెప్పుకొని కన్నీరు విడుచుచున్నాము. ఫిలడెల్ఫియా పెద్దలు మాట కలుపుకొనుటకు ఇతరుల ఆలుబిడ్డలను అమ్మిరి. ఆ బేరము లేకున్నచో పదమూడు రాష్ట్రములు ఒక్కటి కాకపోయెడివని నాటినుండి నేటివరకు సమర్థించువారున్నారు. కావచ్చును. అమ్ముడుపోయినవారిని ఆ సభకు పిలిచి అడిగినవారు మాత్రము లేరు.

తరువాతి ఘట్టములను త్వరగ దాటవచ్చును. న్యూయార్కు వర్తకుడైన జాన్ ఆల్సప్పు కుమార్తె మేరీని 1786 లో పెండ్లాడియున్న కింగు, 1788 లో కాపురము ఆ నగరమునకు మార్చెను. మరుసటి యేడే ఫిలిప్పు స్కైలరుతోబాటు ఆ రాష్ట్రపు మొదటి సెనేటరులలో నొకడయ్యెను. హామిల్టనునకు కుడిభుజమై ఫెడరలిస్టు పక్షమును నడిపెను. 1796 లో వాషింగ్టను ఆయనను బ్రిటనునకు రాయబారిగ పంపెను.

లండనులో ఏడేండ్లు గడపెను. నిన్నటి తిరుగుబాటుదారుడు నేడు ఆ రాజునెదుటనే నిలిచి సమానగౌరవముతో వ్యవహరింపవలసిన యుద్యోగమది. అమెరికనులు యుద్ధమునకు పూర్వము బ్రిటిషు వర్తకులకు బాకీపడిన సొమ్ములను గూర్చిన తగవు విచారణ సంఘములలో చిక్కి కదలకుండెను. కింగు 1802 లో మొత్తము పద్దును ఆరు లక్షల పౌనులకు తెగగొట్టి, మూడు వాయిదాలలో చెల్లింపునట్లు ఒడంబడిక చేసెను. ఇచటను అప్పే, ఇచటను పత్రమే. బ్రిటిషు నౌకలు నడిసముద్రమున అమెరికా ఓడలను ఆపి, నావికులను బలాత్కారముగ పట్టుకొని తమ యుద్ధనౌకలలో చాకిరికి పెట్టు దురాచారమును మాన్పింప ఆయన యెంతయో శ్రమించెను. 1803 లో ఒప్పందము చేతికందినంత పని జరిగెను. తుది గడియలో బ్రిటిషు నౌకాదళాధిపతి తమ దేశముచుట్టునున్న ఇఱుకు సముద్రములకు ఈ నియమము వర్తింపరాదని పట్టుపట్టెను. సగము హక్కు నొప్పుకొన్నచో తక్కిన సగము దురాచారమునకు తానే ముద్ర వేసినట్లగునని కింగు నిరాకరించి ఓడ యెక్కెను. ఫిలడెల్ఫియాలో మ్రింగినట్టిదానిని లండనులో మ్రింగలేదు. ఈ తగవే 1812 యుద్ధకారణములలో ప్రధానమైనది.

ఇక ఆ దోషమును చెప్పవలెను. 1798 లో ఐర్లండు ప్రజలు బ్రిటిషు ప్రభుత్వముపై తిరుగబడి అణపబడిరి. థామసు ఆడిసు ఎమ్మెట్టు మున్నగు నాయకులు చెరలోనుండి, దేశము విడిచి అమెరికాకు పోవుటకు ప్రభుత్వముతో ఒప్పుకొనిరి. ఆ వార్త విని అమెరికా రాయబారి యేమి చేసెను? బ్రిటిషు దేశీయ వ్యవహారముల మంత్రియగు పోర్ట్లండు ప్రభువునకు జాబు వ్రాసి, అట్టివారు తమ దేశమున కక్కరలేదని ఆక్షేపణ తెలిపెను. ఫ్రెంచి విప్లవ భావములనిన ఫెడరలిస్టులకు నాడు నిలువెల్ల భయము; పరదేశీయులను వెడలగొట్టుటకు, పత్రికల నోరు కట్టుటకు వారు శాసనములు చేసినదియు ఆ 1798 లోనే. ఐరిషువారు వచ్చి జెఫర్సను పక్షమునకు బలమగుదురని కింగు భయము. ఆయన యాక్షేపణ నెరవేరెను. ఎమ్మెట్టును ఆయన సహచరులును స్కాట్లండులోని జార్జికోటలో 1802 వరకు బందీలై యుండిరి.

పరదేశపు తిరుగుబాటువలన పుట్టిన రాజ్యమునకు ప్రతినిధి, మరియొక దేశపు తిరుగుబాటుదారులకు చెరసాల గడియ బిగించుట! బ్రిటిషు మంత్రులు ఎంత నవ్వుకొనిరో గదా. తన తండ్రి యింటిని కాల్చవచ్చిన గుంపును ఆ ఐరిషు దేశభక్తులలో చూచెనేమో! చూచినను ఆ చూపు తప్పు. చరిత్ర ఆయనకు బదులు తీర్చుటకు ఎంతో కాలము పట్టలేదు. 1804 లో ఎమ్మెట్టు న్యూయార్కు చేరి న్యాయవాదియై అనతికాలముననే ఆ నగరపు వకీళ్లలో అగ్రగణ్యుడయ్యెను. 1807 లో కింగు న్యూయార్కు శాసనసభ యెన్నికలో నిలిచినప్పుడు ఎమ్మెట్టు బహిరంగముగ లేఖ ప్రకటించెను. నీ యాక్షేపణయే లేకున్నచో నేను నా తండ్రిని, నా తమ్ముని వెంటబెట్టుకొని వచ్చియుందునని అందు వ్రాసెను. ఆ తమ్ముడెవరో చదివినవారికందరికి తెలియును. 1803 సెప్టెంబరులో డబ్లిను వీధిలో ఉరికంబ మెక్కిన రాబర్టు ఎమ్మెట్టు. తండ్రియు అంతకు ముందే గతించెను. ఈ లేఖకు తగిన సమాధానము కింగునకు గాని, ఆయన మిత్రులకు గాని దొరకినట్లు మాకు తోచదు. ఎన్నికలో ఓడిపోయెను.

ఓటములు ఆయనకు క్రొత్త కావు. 1804 లోను, 1808 లోను ఉపాధ్యక్ష పదవికి నిలిచి ఓడెను. 1816 లో న్యూయార్కు గవర్నరు పదవికి ఓడి, ఆ యేడే అధ్యక్ష పదవికి మన్రోతో పోటీపడి 183 వోట్లకెదురుగ 34 మాత్రము పొందెను. ఫెడరలిస్టు పక్షమునుండి అధ్యక్షపదవికి నిలిచినవారిలో ఆయనయే కడపటివాడు. పక్షము చచ్చెను. ఆయన మాత్రము 1813 లో మరల సెనేటులో చేరి అచటనే యుండెను. గెలుపు మీద ఆశ నశించినవానికి మాటాడు ధైర్యము కలుగునేమో!

1819 లో మిసౌరి సీమ రాష్ట్రముగ చేరుటకు అర్జీ పెట్టుకొనెను. అచట నాటికి బానిసలు సుమారు పదివేలమంది. క్రొత్త బానిసలను తేరాదనియు, ఇకముందు పుట్టు బిడ్డలు ఇరువదియైదవ యేట విముక్తులు కావలెననియు న్యూయార్కు ప్రతినిధి టాల్మెడ్జి సవరణ తెచ్చెను. ప్రతినిధి సభ ఒప్పుకొనెను, సెనేటు త్రోసివేసెను. సెనేటులో ఆ సవరణ పక్షమున వాదించినవారిలో అగ్రేసరుడు కింగు. ఆయనకు నాడు అరువదినాలుగవ యేడు.

మొదట లెక్కతోనే మొదలుపెట్టెను. అయిదింట మూడు పాళ్ల నియమమువలన ప్రతినిధుల నెన్నుటలో వర్జీనియాలోని అయిదుగురు స్వతంత్రులకు గల బలము, బానిసలు లేని రాష్ట్రములలో ఏడుగురికి గాని లేదని చూపెను. ఆ నియమము తొలినాటి పదమూడు రాష్ట్రముల నడుమ కుదిరిన బేరము. దానిని తాము నెరవేర్చుచున్నాము. నాడు పుట్టని రాష్ట్రములకు దానిని సాగదీయుమని యడుగు హక్కు ఎవరికిని లేదు. ఇది వకీలు వాదన. ఒడంబడికను మీరినవాడు కాకుండ, దాని హద్దు గీసినవాడు. ఇందు దయకంటె అధికారపు తగవే యెక్కువయని విమర్శించిన వారున్నారు. అది నిజమే. బానిస వీపుమీది దెబ్బలకంటె ఉత్తరాది ఓటరు నష్టమే ఆ వాదమున నెక్కువగ వినబడును.

కాని 1820 ఫిబ్రవరిలో ఆయన మరల లేచినప్పుడు లెక్కలతో ఆగలేదు. మానవునిపై దాస్యమును మోపు ప్రతి శాసనమును, ప్రతి యొడంబడికయు ప్రకృతిధర్మమునకు, దైవధర్మమునకు విరుద్ధము గనుక మొదలే చెల్లదని నిండుసభలో ప్రకటించెను. ఒక మనుష్యుడు మరియొకనిని బానిసగ చేసికొనజాలనప్పుడు పదిమంది కలిసినను, రాజ్యమే కలిసినను ఆ హక్కు ఎచటినుండి వచ్చుననెను. పాఠకులారా, ఇది కురుసభలో ద్రౌపది వేసిన ప్రశ్న వంటిది గాదా? పందెమొడ్డువానికి పందెముగ నొడ్డబడినవారిపై హక్కెక్కడిది? నాడు భీష్ముడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. అమెరికా సభలో భీష్ములు పలువురుండిరి. నాటి విదేశాంగ మంత్రి జాన్ క్విన్సీ ఆడమ్సు, తండ్రికి వకీలైన ఆ ఆడమ్సు కుమారుడే, ఈ ప్రసంగము వినుచు బానిసల యజమానులైన సభ్యులు పెదవులు కొరుకుకొని పిడికిళ్లు బిగించిరని తన దినచర్యలో వ్రాసికొనెను.

ఒడంబడిక పవిత్రమని రాజ్యాంగమున వ్రాయింపజూచినవాడు, కాలిన అప్పుపత్రముల యింట పుట్టినవాడు, ఆరు లక్షల పౌనుల బాకీని పైసలతో తీర్పించినవాడు, ఒక జాతి యొడంబడికలు మాత్రము పుట్టుకతోనే చెల్లవని చెప్పుటకు ఆయనకు ముప్పదిమూడేండ్లు పట్టెను. ఆలసించెనని మేము నిందింతుము. కాని ఆ సంతకము తనదికానట్లు నటింపలేదు. ఆ బేరము నెవరెవరు ఏ కారణమున చేసిరో తానక్కడనే యుంటినని సాక్ష్యము పలికెను.

సభ వినలేదు. 1820 మార్చిలో మిసౌరిని బానిస రాష్ట్రముగ చేర్చుకొనుటకు సమ్మతించిరి. దానికి తూకముగ మెయినును స్వతంత్ర రాష్ట్రముగ చేర్చుకొనిరి. పడమటి భూములలో 36 డిగ్రీల 30 నిమిషముల అక్షాంశమునకు ఉత్తరమున బానిసత్వము కూడదని గీత గీసిరి. మెయిను కింగు పుట్టిన సీమ. దాని మొదటి గవర్నరు ఆయన సవతి తమ్ముడు విలియం కింగు. జన్మభూమికి రాష్ట్రపదవి, తమ్మునికి అధికారపీఠము ఆ బేరముతోనే వచ్చుచున్నను అన్న ఆ బేరమును వ్యతిరేకించెను.

సభలో వినబడని మాట సభ వెలుపల వినబడెను. 1822 లో దక్షిణ కరొలైనాలోని చార్లెస్టను నగరమున, సొమ్ము చెల్లించి విముక్తుడైన డెన్మార్కు వెసీ అను నీగ్రో వడ్రంగి బానిసల తిరుగుబాటునకు కుట్ర పన్నెనని విచారణ జరిగెను. కింగు మిసౌరి ప్రసంగములను గూర్చి బానిసలు తమలో తాము చెప్పుకొనిరని ఆ విచారణలో సాక్షులు పలికిరి. వెసీతో సహా 35 మందిని ఉరితీసిరి. సెనేటులో సూటు ధరించి నిలిచిన వృద్ధునకు ఓటమి మాత్రమే శిక్ష.

1825 ఫిబ్రవరిలో, సెనేటును విడుచు దినములలో, ఆయన కడపటి తీర్మానమొకటి పెట్టెను. దేశఋణము తీరిన పిమ్మట ప్రభుత్వభూముల విక్రయమువలన వచ్చు సొమ్మును బానిసల విముక్తికిని, విముక్తులను దేశము వెలుపలికి పంపుటకును వినియోగింపవలెనని దాని సారాంశము. బానిసను విడిపించుటకు ధనమిచ్చుటకు సిద్ధపడియు, విడిపించినవానిని పొరుగువానిగ నుంచుకొనుటకు మనసొప్పలేదు. నాటి ఉత్తమబుద్ధులలో ననేకుల హద్దు అదే. దానినిగూడ కాంగ్రెసు ముట్టలేదు. ఆ యేడే అధ్యక్షుడైన జాన్ క్విన్సీ ఆడమ్సు ఆయనను మరల లండనునకు రాయబారిగ పంపెను; ఆరోగ్యము చెడి 1826 లో తిరిగివచ్చెను. 1827 ఏప్రిల్ 29 న గతించి, న్యూయార్కు చెంత జమైకా గ్రామమున గ్రేసు దేవాలయపు ఆవరణమున సమాధి చేయబడెను. థామసు ఎమ్మెట్టు కూడ ఆ సంవత్సరముననే కాలధర్మము నొందెను.

రాజ్యాంగమునుండి అయిదింట మూడు పాళ్ల లెక్కను తొలగించుటకు 1861 నుండి 1865 వరకు అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకొనవలసివచ్చెను. దాని స్థానమున మనుష్యుని మనుష్యునిగ లెక్కించు సవరణ 1868 లో వచ్చెను. వ్యక్తుల యొడంబడికలను రాష్ట్రములు చెరుపరాదను వాక్యము మాత్రము మొదటి యధికరణము పదవ విభాగమున చెక్కుచెదరక యున్నది.